చదివించని వేలిముద్ర

అక్క రొమ్ములో గడ్డ నుంచి తీసిన ముక్క పరీక్షకు వెళ్ళి చాలా రోజులైంది. రిపోర్టు మాత్రం రాలేదు. "చెడ్డ కబురైతే ఈపాటికి పరిగెత్తుకొచ్చేదిలేవే" అని అక్క నవ్వేసింది. చెల్లెలికి మాత్రం మనసు మనసులో లేదు.

ల్యాబు నుంచి ఆసుపత్రికి రిపోర్టులు వెళ్ళే దారి వేసింది ఆమే. రెండు సంస్థల కంప్యూటర్లను కలిపి, మధ్యలో మూడో కంట పడకుండా ఫైళ్ళు నేరుగా చేరే సాఫ్ట్‌వేర్ పెట్టడం ఆమె ఉద్యోగం. కలిపేముందు ఒక తంతు ఉంది. ప్రతి కంప్యూటరుకూ వేలిముద్ర అనే పొడవాటి అక్షరాల వరుస ఉంటుంది. అవతలివాళ్ళు దాన్ని ఫోన్లో ఒక్కో అక్షరమే చదవాలి, ఇవతల తెరమీద ఉన్నదానితో సరిచూసుకోవాలి. విసుక్కున్న మేనేజర్లకు ఆమె క్లాసు పీకేది. అందుకే ఆఫీసులో ఆమె పేరు తాళాలత్తగారు.

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేది అక్క మొగుడు, బావ. అక్కడికొచ్చేసరికి ఊరందరికీ శకునం చెప్పే బల్లి కాస్తా కుడితిలో పడింది.

"పెళ్ళినాటి నుంచి వింటున్న గొంతు కదా, అదే నా వేలిముద్ర. నొక్కెయ్ మరదలు పిల్లా" అన్నాడు బావ. ఆమె నవ్వి, 'సరిచూశాను' అన్న బటన్ నొక్కేసింది.

ఇవాళ ల్యాబులో కూర్చుని చూస్తే ప్రతి రిపోర్టు పక్కనా పచ్చటి గుర్తు: చేరింది. అక్కదీ చేరింది. ఆసుపత్రిలో అడిగితే మాత్రం ఒక్కటీ రాలేదన్నారు. ముక్క పరీక్షలు ఎప్పుడూ ఆలస్యమేనని డాక్టర్లు కూడా ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆమె బావకు ఫోన్ చేసింది.

"బావా, నీ కంప్యూటరు వేలిముద్ర చదువు."

"ఇప్పుడెందుకే?"

"చదువు బావా."

ఆమె తెరమీద ఉన్నదానితో మొదట్లోనే తేడా కొట్టింది. బావకు అప్పుడు గుర్తొచ్చింది. "స్టోర్ రూములో ఓ పాత కంప్యూటరు పెట్టె ఉంది. ట్రయల్ దానిమీదే వేశాను. ఆపడం మరిచిపోయాను. నువ్వు కలిపింది దానికే."

ఎవరూ తొంగిచూడని ఆ పెట్టెలో అందరి రిపోర్టులూ భద్రంగా పడున్నాయి. తాళం గట్టిగానే వేసింది, ఎవరి తలుపో చూసుకోలేదు. తప్పు బావమీదికి తోయడానికి ఆమెకు మనసొప్పలేదు. నొక్కిన వేలు తనది.

"లైను పాడైందని చెబుదామా?" అన్నాడు బావ మెల్లగా.

"వద్దు. నేను సరిచూసుకోలేదని నేనే చెబుతాను. ముందు అన్నీ డాక్టరుగారికి పంపెయ్. తర్వాత అక్కది చదువు."

స్టోర్ రూముకెళ్ళి బావ అన్నీ పంపాడు. అక్కది తెరిచాడు. ఆసుపత్రిలో ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు, అందులోని జబ్బు పేరు ఎరగనివాడు కాదు. పదంగా పలకడానికి నోరు రాలేదు. ఒక్కో అక్షరమే చదవసాగాడు. అలవాటుకొద్దీ ఆమె కాగితంమీద రాసుకుంటూ పోయింది. సగంలో పెన్ను ఆగిపోయింది.

"ఇంకా ఉన్నాయి, రాసుకో" అన్నాడు బావ.