ఇటు దిగరాదు

రెండో పీరియడ్ గంట కొట్టి, సుత్తిని మేకుకు తగిలించి, అది ఎవరి నెత్తిన పడుతుందోనని మళ్ళీ ఒకసారి లాగి చూసింది ఆయమ్మ. తర్వాత నీళ్ళ ట్యాంకు మూత, వెనక గేటు గొళ్ళెం, ఒకటో తరగతి పిల్లల తలకాయల లెక్క. ఇరవై రెండేళ్ళుగా గంటగంటకీ ఇదే చుట్టు. చప్పుడైతే ఎవరో పడ్డారనుకునేది. చప్పుడు లేకపోతే పడ్డవాళ్ళు లేవలేదనుకునేది. స్కూల్లో ఆమెకు 'అమ్మోబాబోయ్' అని పేరు.

మధ్యాహ్నం రెండింటికి విశ్వవిద్యాలయంలో విద్యా పరిపాలన డిప్లమా ఆఖరి పరీక్ష. హాల్ టికెట్ సంచిలో ఉంది. దాని నకలు జాకెట్లో ఒకటి, టిఫిన్ డబ్బా మూత కింద ఒకటి.

"ఇంకోటి నా నోట్లో పెట్టమ్మా, మింగకుండా దాస్తాను" అని పొద్దున కూతురు నవ్వింది.

పోయిన వారం సెలవిస్తానన్న హెడ్మాస్టరు ఇవాళ తలెత్తకుండానే అన్నాడు:

"కుదరదు. పైనుంచి ఆఫీసర్లొస్తున్నారు. అయినా గంట కొట్టడానికి నీకు డిప్లమా ఎందుకమ్మా?"

ఆమె చెంగును గట్టిగా పట్టుకుంది.

"గంట కోసం కాదు సార్. మేడ మీద కుడివైపు మెట్ల రెయిలింగ్ ఊగుతోందని మూడుసార్లు రాసిచ్చాను. నీ పని కాదు పొమ్మన్నారు. మరి ఎవరి పనో తెలుసుకుందామని చేరాను."

"తెలిసిందా?"

"తెలిసింది సార్. మీదే."

మూల కూర్చున్న గుమాస్తాకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"గేటు దాటావో, రేపట్నుంచి రానక్కర్లేదు!"

"ఇరవై రెండేళ్ళు ఆ మాటకే భయపడ్డాను సార్" అంది ఆయమ్మ. "మెట్ల మీద పిల్లలు జారితే అన్న భయం దానికంటే పెద్దది."

గంట పక్కనున్న తన స్టూలును మేడ మీదికి మోసుకెళ్ళి, కుడి మెట్లకు అడ్డంగా పెట్టి, గోడ కొక్కేనికి తాడుతో కట్టింది. ముడిని మూడుసార్లు లాగి చూసింది. తేదీ, సంతకం, నకలు లేని కాగితం రాయనట్టే లెక్క అని డిప్లమా పుస్తకం మూడో పాఠంలో చదివింది. అందుకే ఒక కాగితం రాసి స్టూలుకు అంటించింది. రెండోది గుమాస్తా చేతికిచ్చి ఆఫీసు ముద్ర వేయించుకుంది. గేటు దాటాక బయటనుంచి చెయ్యి పెట్టి గొళ్ళెం పడిందో లేదో చూసి, వెనక్కి తిరగకుండా బస్సు కోసం నడిచింది.

భోజనాల గంట ఎవరో వంకరటింకరగా కొట్టారు. పరిగెత్తుకొచ్చిన పిల్లలు స్టూలు చూసి ఎడమ మెట్లవైపు మళ్ళారు.

హెడ్మాస్టరు పైకొచ్చి, దాన్ని లాగెయ్యబోయి, కాగితం చదివాడు. 'ఇటు దిగరాదు. రెయిలింగ్ ఊగుతోంది. ఇది నాలుగోసారి చెప్పడం. నకలు ఆఫీసు ఫైలుకు.' కింద ఆమె సంతకం, ఇవాళ్టి తేదీ. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నడుమ గుంటపడ్డ ఆ స్టూలు, జారకుండా ఆమె ఎప్పుడో కాళ్ళకు చుట్టిన గుడ్డపేలికలతో, ఊగే రెయిలింగ్ ముందు కదలకుండా నిలబడి ఉంది.