మావ్జీ సేఠ్ దుకాణం గడప

మళ్లీ గడప మీదే నిలబడింది, చెప్పులతో, ఈ అరబ్బు దేశపు మత్రా బజారులో ఇంకెక్కడా చోటు లేనట్టు, మా కంపెనీ మేనేజరు భార్య, మెడలో కెమెరా, చేతిలో హల్వా గిన్నె, పొద్దుటి నుంచి సందు సందూ తిరిగింది, సాంబ్రాణి కొన్నది, వెండి పిడి కత్తి కొన్నది, ఇప్పుడు ఈ దుకాణం దర్వాజ కొన్నది, మా అవ్వ చూస్తే వీపు మీద ఒక్కటిచ్చేది, దర్వాజలు చేసే వడ్లోళ్ల ఇంట్ల పుట్టి గడప తొక్కుతవారా అని, చిన్నప్పుడు నాకు ఇచ్చింది కూడా, ఆమె తొక్కుతున్న గడపనే నేను పీకాలి, చుట్టూ ఉన్న చౌకట్టుతో సహా, ఆమె బంగళాలో గోడకు ఆనించి చూసుకోవడానికి, దేవన్నా, మంచిగ పీకు, గీత పడొద్దంటుంది మేమ్‌సాబ్ అంటాడు డ్రైవర్ నిసార్ అహ్మద్, హైదరాబాదోడు, ఆమె ఇంగ్లీషు నాకు చెప్పేది వాడే, పీకుడేంది నిసార్ భాయ్, పన్నా పీకనీకి, మేం దర్వాజలు నిలబెట్టేటోళ్లం, అని నేనంటే నవ్వాడు, వీసా మీద కార్పెంటర్ అని ఉన్నది, నిలబెట్టే కార్పెంటర్ అని ఉన్నదా, మాట వినకుంటే ఆమె సాబ్‌కు ఒక్క మాట చెప్తది, పాస్‌పోర్ట్ మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు, నీ ఇష్టం మరి.

ఆమె మీద కోపం సగమే, మిగతాది మావ్జీ సేఠ్ మీద, ప్రతి శుక్రవారం ఈ గడప దాటి లోపలికి పోతాను, పప్పుల బస్తాల వెనక పీట వేసి ఖిచిడీ పెడతారు, నెయ్యి వేస్తారు, లేబర్ క్యాంపులో వారమంతా తిన్నది మరిచిపోతాను, ఆ సేఠే, లే జావో, లే జావో, లోహే కా షటర్ ఆ గయా, పట్టుకుపొమ్మని అంటున్నాడు, ఇనుప షటరు గోడకు ఆనించి ఉంది, సముద్రం పక్కన కొత్త రోడ్డు పడ్డాక అందరికీ షటర్లే కావాలి, మా తాత మా దేశంలో మాండ్వీ రేవు నుంచి టేకు తెప్పించాడు, అదే పడవలో వడ్లాయన్నూ తెప్పించాడు, అని ఆమెకు చెప్తున్నాడు, గొప్పగా, తాత చేయించినదాన్ని జీపు ఎక్కిస్తూ, రెక్కలు దింపాను, ఎక్కడా మేకు లేదు, అన్నీ కర్ర చీలలే, పక్క చెక్కలు విడదీశాను, ప్రతి చీలకూ ఆ వడ్లాయన చెయ్యి తగులుతూనే ఉంది, గడప మిగిలింది.

గడ్డపార దోపి ఒక కొస లేపాను, కింద మూట, ఎర్రగుడ్డ అయి ఉంటుంది ఒకప్పుడు, విప్పితే పొట్టు, పొడి, ఒక రాగి బిళ్ల, అరె ఏందది దేవన్నా, చేతబడా అన్నాడు నిసార్, కాదు, మా నాయిన ప్రతి ఇంటికీ ఇట్లాంటిదే పెట్టేవాడు, తానం చేసి, తొమ్మిది తీర్ల గింజలు గుడ్డలో కట్టి, పైన గడప దించి, ఇగ నిలబడు తల్లీ అనేవాడు, దర్వాజతోనే మాట్లాడేవాడు, ఇక్కడా ఆ వడ్లాయన తన భాషలో అదే అన్నాడు, ఈ ఎండలోనే, ఆమె కెమెరా పట్టుకుని వంగింది, ఆ మూట గూడ కావాల్నంట, అద్దాల పెట్టెల పెట్టుకుంటదంట, తియ్యి, అన్నాడు నిసార్, నా చెయ్యి మూటను ఉన్న చోటే పెట్టింది, గడ్డపార లాగేశాను, గడప తన చోట కూర్చుంది, నిసార్ భాయ్, రెక్కలు తీసుకపొమ్మను, చౌకట్టు తీసుకపొమ్మను, గడప రాదని చెప్పు, రాదంటే, చెక్కనే గదా, ఎగ్జిట్ యాదికున్నదా అన్నాడు, యాదికున్నది అన్నాను, రాదు అని గూడ చెప్పకు, దేవయ్య తియ్యడంట అని చెప్పు, వాడు ఇంకా చెప్పలేదు, సేఠ్ షటరు పక్కన నిలబడి నన్ను చూస్తున్నాడు, ఆమె గడియారం చూసుకుంటోంది, పొద్దుటి నుంచి ఇది ఎవరిదని వీళ్లిద్దరి మీదా మండిపడుతున్నాను, కొన్నామె ఉంది, అమ్మినాయన ఉన్నాడు, నిలబడు తల్లీ అన్న వడ్లాయన మాత్రం దీన్ని ఇంకా లెమ్మనలేదు, ఆయన తరఫున ఇక్కడ ఉన్నది నేనొక్కణ్నే.