పది పిడికిళ్లు

టెస్టరుగాడు ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎనిమిది నెలలు మిగిలేవి. మోటార్లు చుట్టే మేస్త్రీకి వాడు స్వయానా బావమరిది. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు గుచ్చుకుని తిరుగుతాడే గానీ, జన్మలో ఒక్క కాయిలు చుట్టిన పాపాన పోలేదు. షెడ్డు మేస్త్రీది, చేతులు మేస్త్రీవి. వాడిది నోరు.

మొదట రాగితీగ లాగుతుంటే మేస్త్రీ వేళ్లు జారాయి. తర్వాత స్టూలు మీంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వచ్చింది. వింతేమిటంటే, పిడికిలి పదిసార్లు గట్టిగా బిగించి వదిలితే కాసేపు పట్టు తిరిగి వచ్చేది. అదే కొంప ముంచింది.

"చూశావా అక్కా! ఇప్పుడు చెయ్యి భేషుగ్గా ఉంది. నేను పని చెబితేనే పడిపోతుంది. బావది జబ్బు కాదే, నాటకం!" అన్నాడు టెస్టరు, నలుగురు గిరాకీల ముందు.

మేస్త్రీకి రోషం తన్నుకొచ్చింది. చుట్టిన మోటారును ఒకసారి తిప్పి చూడనిదే గిరాకీకి ఇచ్చే అలవాటు లేదతనికి. చచ్చుబడ్డ చెయ్యి పరాయివాళ్లకు చూపడం నామోషీ అనిపించి, ఒంటినీ అలాగే సిద్ధం చేశాడు. ఆసుపత్రిలో పేరు పిలవగానే గబగబా పదిసార్లు పిడికిలి బిగించి లోపలికెళ్లి, డాక్టరు వేళ్లు నలిపేశాడు.

"ఉక్కులా ఉందయ్యా. బలానికి మాత్రలు రాస్తాను," అన్నాడాయన.

ఎనిమిది నెలలకు కనురెప్పలూ వాలిపోయాయి. అప్పుడు నరాల డాక్టరమ్మ వైర్లు అంటించి పరీక్ష చేసింది.

"నరంలో కరెంటు బాగానే వస్తోంది. కానీ అది కండలోకి నేరుగా దూకదు. నరం చివరి పొరలో ప్రోటీన్లతో కట్టిన చిన్న తలుపులుంటాయి. కరెంటు తగిలితే అవి తెరుచుకుని కాల్షియాన్ని లోపలికి వదులుతాయి. అప్పుడు నరం ఒక రసాయనాన్ని చిమ్ముతుంది. అది తగిలితేనే కండ బిగుస్తుంది. రోగాలు రాకుండా కాచే మీ ఒంటి కాపలావాళ్లే ఆ తలుపుల మీద పడ్డారు."

"అంటే కాయిలుకి కరెంటు వస్తోంది, మోటారుకి లైను కలిపే కాంటాక్టరు మాత్రం పడట్లేదు," అన్నాడు మేస్త్రీ.

"సరిగ్గా అంతే."

"మరి పిడికిలి పదిసార్లు బిగిస్తే పట్టు ఎలా వస్తుందమ్మా?"

"మిగిలిన తలుపుల్లోంచి వెంటవెంటనే వచ్చిన కాల్షియం పోగుపడుతుంది. కాసేపే. మొదటి డాక్టరు దగ్గర గానీ అలా చేశారా?"

మేస్త్రీ చేతిని ఒడిలోకి లాక్కున్నాడు. ఆమె ఛాతీ ఫొటో తెప్పించింది. ఈ జబ్బు వెనక చాలాసార్లు ఊపిరితిత్తుల్లో గడ్డ దాక్కుని ఉంటుందట. ఉంది. నిమ్మకాయంత. "ముందే వచ్చి ఉంటే..." అని ఆగిపోయిందామె.

మందులకు షెడ్డు అమ్మక తప్పలేదు. "పరాయివాళ్లకెందుకు బావా, నేనే తీసుకుంటా," అన్నాడు టెస్టరు. వాడు చెప్పిందే ధర.

అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టబోతే మేస్త్రీ చేతిలోంచి కలం జారి కింద పడింది.

"ఏమండీ, వేలిముద్ర వేసేద్దురూ," అంది భార్య మెల్లగా.

"నాకు సంతకం వచ్చు." అయిదో తరగతిలో ఆపేసిన చదువు మిగిల్చింది ఆ సంతకమొక్కటే.

టెస్టరు వంగి కలం తీసిచ్చాడు. "కంగారేం లేదు బావా. పదిసార్లు బిగించు, వచ్చేస్తుంది."

మేస్త్రీ వాడి మొహంలోకి చూస్తూ బిగించాడు. పదోసారికి పట్టు వచ్చింది. అది పోయేలోపే, పొల్లు పోకుండా సంతకం పెట్టాడు. షెడ్డుతో కలిపి నూట ఎనభై నాలుగు గజాల స్థలం, టెస్టరు పేరున.