దర్జీ చేతికి సున్నా

ఆ పరిశోధనశాలలో ప్రొఫెసర్‌గారి మాటకు ఎదురు లేదు, ఆయన అల్లుడి పనికి తిరుగు లేదు. మామ పేరు మీద పేపర్లు, అల్లుడి పేరు మీద పేపర్లు, ఇద్దరి పేర్లూ కలిపి మరికొన్ని. రోగుల పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు, వాళ్లకు నంబర్లుంటాయి. ఆ నంబర్ల తలలకూ చేతులకూ తీగలు అంటించే ఉద్యోగం ఇరవై రెండేళ్లుగా ఒకే మనిషిది. ఆమెకూ ఒక పేరుండేది కాబోలు, ఇప్పుడందరికీ తీగలక్కే.

వాళ్ల పరీక్ష పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. పక్షవాతం వచ్చి రెండు వారాలు దాటని మనిషిని కుర్చీలో కూర్చోబెడతారు. పడిపోయిన చేతిలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ మీద తీగ అంటిస్తారు. చెయ్యి కుడిదైతే తలకు ఎడమవైపు అయస్కాంతపు చుట్టను ఆనించి టిక్కుమనిపిస్తారు. మెదడు నుంచి చేతికి వెళ్లే దారి ఏ మూలో మిగిలి ఉంటే కండ ఉలిక్కిపడుతుంది, తెర మీద అల లేస్తుంది. అల లేస్తే ఫైల్లో ఒకటి, లేవకపోతే సున్నా. ఒకటి వచ్చినవాళ్లకు రెండు నెలలపాటు, రోజుకు మూడు గంటల చొప్పున, బల్ల దగ్గర చేతి శిక్షణ. సున్నా వచ్చినవాళ్లకు నాలుగు వ్యాయామాల బొమ్మలున్న ఒక కాగితం, దాంతోపాటు ఇంటిదారి.

ఇందులో ఒక మెలిక ఉంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు అల రాకపోతే అప్పుడే పెదవి విరవకూడదు. రోగిని వేళ్లు బిగించడానికి ప్రయత్నించమని, అదే క్షణంలో టిక్కుమనిపించాలి. వేళ్లు కదలకపోయినా పర్వాలేదు, ప్రయత్నిస్తే చాలు. ఒక్కోసారి నిద్రపోతున్న దారి అప్పుడే మేలుకుంటుంది.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నవాడు దర్జీ. జబ్బు పడి తొమ్మిదో రోజు. కుడిచేతితోపాటు మాట కూడా పోయింది. ఏమడిగినా "అదే... అదే" అంటాడు, ఎదుటివాళ్ల మాటలు అతని చెవిలో పడతాయి గానీ అర్థం కావు. భార్య పక్కనే నిలబడి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కత్తిరిస్తే ఆమె కాజాలు కుట్టేది, ఇద్దరిదీ ఒకే బతుకు. శిక్షణకు ఇంక ఒకే ఒక్క బల్ల మిగిలింది. పన్నెండు గంటలకు జాబితా మూసేస్తారు.

"బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కండి," అన్నాడు అల్లుడు డాక్టరు.

దర్జీ అతని మూతి వైపు చూశాడు.

"నొక్కండి! ఏమండీ, వినపడుతోందా? నొక్కండీ!"

మాట పోయినవాడికి చెవుడు కూడా వచ్చిందనుకునే మహానుభావుడు, ఈ జబ్బు మీద పుస్తకం రాస్తున్నాడు! ఎవరు చదువుతారో, వాళ్ల ఖర్మ. అయ్యగారు పదిసార్లు అరిచారు, పదిసార్లు టిక్కుమనిపించారు, తెర చదునుగానే ఉండిపోయింది. "సహకారం లేదు, స్పందన లేదు" అని రాసి పక్కన గుండ్రంగా సున్నా చుట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తనకు అడగడం చేతకాక అతని మెదడే పోయిందని తేల్చేశాడు.

"తీగలు పీకెయ్యి అక్కా," అని ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు.

దర్జీ భార్య దగ్గరికొచ్చింది. "అమ్మా, అయిపోయిందా? ఏమైనా కనిపించిందా?"

ఫలితం చెప్పే అధికారం తీగలక్కకు లేదు. తల వంచుకుని తీగలు పీకబోయింది.

"మొన్న ఏం చేశాడో తెలుసా అమ్మా? నేను దుప్పటి కప్పుతుంటే దాని అంచు చూసి మొహం చిట్లించాడు. కుట్టు వంకరగా ఉందట! మనిషి ఇలా పడున్నా ఆ బుద్ధి మాత్రం పోలేదు." నవ్వబోయి ఏడ్చేసింది.

తీగలక్క చెయ్యి ఆగింది. తన తెల్లకోటు వైపు చూసుకుంది. ఆర్నెల్లుగా దాని అంచు ఊడి వేలాడుతోంది, కుట్టించుకునే తీరిక ఏది? కోటు విప్పి, ఆ అంచును దర్జీ కుడిచేతి వేళ్ల మధ్య పెట్టింది. నోరు విప్పలేదు. తన వేళ్లతో గుడ్డ మడిచి, నొక్కిపట్టి చూపించింది. భార్యను గుడ్డ కదలకుండా పట్టుకోమని సైగ చేసింది. తల మీద పెన్నుతో గుర్తు ఉండనే ఉంది, అల్లుడికి ఆ మాత్రం వచ్చు. యంత్రం సర్దడం, పరీక్షించడం రోజూ ఆమె పనే. చుట్టను గుర్తు మీద ఆనించి, కాలి కింద మీట తొక్కింది.

దర్జీ ఊడిన అంచును చూశాడు. "అదే... అదే!" అన్నాడు కోపంగా. ఇంత దరిద్రపు కుట్టు ఎవరు వేశారే అన్నట్టుంది ఆ కోపం. మెడ నరాలు బిగిశాయి. రెండు టిక్కులకు ఏమీ లేదు. మూడో దానికి అల లేచింది. చిన్నదే. పది టిక్కులకు ఆరు అలలు, అన్నీ టిక్కు తర్వాత సరిగ్గా ఒకే చోట.

"ఓరి నాయనో!" అంది తీగలక్క.

ఆ అలలు అచ్చువేసిన కాగితాలు తీసుకుని ప్రొఫెసర్ గదిలోకి దూరేసరికి పదకొండున్నర. మామా అల్లుళ్లు కాఫీ తాగుతున్నారు. ఆమె చెప్పింది విని ప్రొఫెసర్ కళ్లజోడు కూడా సర్దుకోలేదు.

"అది గుడ్డ కదిలిన కదలికమ్మా."

"గుడ్డ కదిలితే ఆరుసార్లు ఒకే చోట ఎలా వస్తుంది సార్?"

"నీకు తీగలు తెలుసు. మెదడు సంగతి నాకొదిలెయ్." కప్పు కింద పెట్టాడు. "చూడు, మన లెక్క ప్రకారం సున్నా వచ్చిన ఒక్క చెయ్యీ బాగుపడలేదు. నూటికి నూరు. పేపరు పంపేశాం. ఇప్పుడు ఒక సున్నాని పిలిచి బల్ల దగ్గర కూర్చోబెడితే, రేపు అది బాగుపడితే, ఏం రాయమంటావు?"

"బల్ల దగ్గరికే రానివ్వని చెయ్యి ఎలా బాగుపడుతుంది సార్? అన్నం పెట్టకుండా, వీడు చిక్కిపోతాడని జోస్యం చెప్పినట్టుంది."

అల్లుడు దగ్గాడు. ప్రొఫెసర్ మొహం మాడిపోయింది. ఇరవై రెండేళ్లలో ఆమె ఆ గదిలో ఇంత పొడుగు మాట మాట్లాడలేదు. మొదలుపెట్టాక ఆపడం ఎందుకని మిగిలింది కూడా అనేసింది.

"మాట పోయినవాళ్లకు నోటితో చెప్పకూడదు, చేసి చూపించాలి అని నిబంధనల్లో మీరే రాశారు. నాలుగో పేజీ. అల్లుడుగారు చూపించలేదు. ఈ అలలు యంత్రంలో ఉన్నాయి. చెరిపితే ఎవరు చెరిపారో, ఎన్నింటికి చెరిపారో కూడా అది రాసుకుంటుంది."

ప్రొఫెసర్ కళ్లజోడు సర్దుకుని ఆ కాగితాలు ముందుకు లాక్కున్నాడు. తర్వాత ఆయన మొహం మీద మెల్లగా ఒక నవ్వు విచ్చుకుంది. ఆ నవ్వు ఆమె ఎరుగును, కొత్త పేపరు పుట్టేముందు వచ్చే నవ్వు అది.

"గుడ్డతో పరీక్ష... మాట పోయినవాళ్లకోసం ప్రత్యేక పద్ధతి. బాగుందిరా అబ్బాయ్. నువ్వు రాయి."

"నేనూ అదే అనుకుంటున్నా మామయ్యా," అన్నాడు అల్లుడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

అత్త సొమ్ము అల్లుడి దానం అని ఊరికే అన్నారా! సొమ్ము తీగలక్కది, దానకర్ణుడు అల్లుడు. ఆమెకు నవ్వొచ్చింది, అసహ్యం కూడా వేసింది. "పేర్లు మీరే పెట్టుకోండి సార్. ముందు ఆ బల్ల దర్జీకి రాయండి," అని జాబితా ముందుకు జరిపింది. ఆయన రాశాడు. పన్నెండుకు ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.

వసారాలో దర్జీ భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ కడుపు చల్లగుండ తల్లీ!" అని మరి వదల్లేదు. దర్జీ మాత్రం ఆ కోటు అంచు ఇంకా వదిలిపెట్టలేదు, ఎడమచేత్తో లాక్కుని చూస్తున్నాడు.

తీగలక్క గాల్లో తేలుతున్నట్టు గదికి వచ్చింది. దర్జీ ఫైల్లో సున్నా కొట్టేసి ఒకటి వేసింది. ఇక అది సున్నాల అరకు కాకుండా ఒకట్ల అరకు వెళ్లాలి కదా, బీరువా తెరిచింది. సున్నాల అరలో ఇంకా పంతొమ్మిది ఫైళ్లున్నాయి. ఒకటి తీసి చూసింది, "మాట లేదు" అని ఉంది. ఇంకోటి తీసింది. అలా తీస్తూ పోతే, పంతొమ్మిదిలో పదకొండింటి మీద ఆ ముక్క ఉంది.

ఆ పదకొండుమందికీ తీగలు అంటించింది ఆమే. అల్లుడు అరుస్తుంటే పక్కన నిలబడింది ఆమే. నాలుగో పేజీలో ఏముందో ఆమెకు ఇవాళ తెలిసింది కాదు, మూడేళ్లుగా తెలుసు. అతను అరిచిన ప్రతిసారీ లోపల్లోపల వెటకారంగా నవ్వుకుంది, సాయంత్రం ఇంటికెళ్లి వాళ్లాయనకు అతన్ని అనుకరించి చూపించింది, ఇద్దరూ పగలబడి నవ్వారు. అంతకుమించి ఏం చేసింది? గాడిద గుడ్డు. ఆ అల్లుడికైనా తెలియక చేశాడన్న సాకు ఉంది.

పైనున్న ఫైల్లో ఫోన్ నంబరుంది. నొక్కింది. అవతల ఎవరో ఆడపిల్ల గొంతు, రోగి కూతురట.

"నాన్నగారి కుడిచెయ్యి ఎలా ఉందమ్మా?"

"ఎలా ఉంటుందండీ? సున్నా అన్నారు కదా. ఊరికే లాగి బాధపెట్టడం ఎందుకని పట్టీ వేసి ఛాతీకి కట్టేశాం. ఏడాదిన్నరైంది, వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఇంతకీ ఎవరండీ మీరు?"

తీగలక్క బీరువా తలుపు పట్టుకుంది. "అప్పుడు నాన్నగారికి తీగలు అంటించాను చూడు..."

"అయ్యో, మీరా అక్కా!" అంది ఆ పిల్ల సంతోషంగా. "అక్కడ మమ్మల్ని మనుషుల్లా చూసింది మీరొక్కరే."