గదులొచ్చిన ఏడాది

"వచ్చేసిందోయ్! మా ఇంటికీ వచ్చేసింది!"

వీధి చివర్నించి దర్జీ కేక వినబడగానే సెలూన్లో ఉన్నవాళ్లంతా పేపర్లు బెంచీ మీద పడేసి బయటికి పరిగెత్తారు. సెలూనాయన మాత్రం కదల్లేదు. ఆయన చేతిలో కత్తి ఉంది. కత్తి కింద ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో, తాళాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. సగం గడ్డం వదిలేసి పోవడమన్నది సెలూనాయన వంశంలోనే లేదు. పని నేర్పేటప్పుడు తండ్రి చెప్పిన మొదటి మాటే అది: ఇల్లు అంటుకున్నా సరే, ముందు రెండో చెంప పూర్తిచెయ్యి, ఆ తర్వాత నీళ్లు మొయ్యి.

"ఏమొచ్చిందంటావు?" అన్నాడు తాళాలాయన, పెదవులు కదపకుండా.

"గదే అయ్యుంటుంది. ఎన్నికల ఫలితాలు ఇప్పుడేగా చెప్పారు రేడియోలో."

అదీ సంగతి. ఆ ఏడాది దేశంలో పెద్ద విశేషం ఏది జరిగినా సరే, ఆ వీధిలో ఎవరింటికో ఒకరింటికి గది వచ్చేది. నిన్నటిదాకా ఉత్త గోడ ఉన్నచోట ఇవాళ గుమ్మం, గుమ్మంలోంచి చూస్తే శుభ్రంగా సున్నం వేసిన గది. దాని గురించి ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు. వానాకాలంలో వాన వస్తుంది, విశేషాల ఏడాదిలో గది వస్తుంది, అంతే. "మీకొచ్చిందా?" "ఇంకా లేదండీ, చూడాలి" అని రొట్టెల కొట్టు దగ్గర పలకరించుకునేవాళ్లు, బస్సు గురించి అడిగినట్టే.

ఏ విశేషానికి వచ్చిన గదికి ఆ విశేషం బుద్ధులే ఉండేవి. ఏడాది మొదట్లో పెద్ద నది మీద వంతెన ప్రారంభించినప్పుడు రొట్టెలాయనకి వచ్చిన గది ఎంత పొడుగంటే, ఈ చివర నుంచి భార్య పిలిస్తే ఆ చివర ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఆఁ?" అనాల్సిందే. ఇప్పుడీ ఎన్నికల గదికి రెండు కిటికీలున్నాయి. ఒకటి తెరిస్తే రెండోది ధడాలున మూసుకుంటుంది. "అధికార పక్షం, ప్రతిపక్షం!" అని దర్జీ వచ్చినవాళ్లందరికీ తెరిచి మూసి చూపించాడు. ఎండాకాలంలో ముసలి రాష్ట్రపతి కన్నుమూసి దేశమంతా మౌనం పాటించిన రోజున పంతులమ్మగారింటికి చల్లటి గది వచ్చింది. అందులో గొంతు పెంచితే మాట పైకి రాదు. వీధిలో మొగుడూ పెళ్లాలు ఎవరు పోట్లాడుకున్నా వెళ్లి, "పంతులమ్మా, ఓ గంట మీ గది ఇస్తారా?" అని అడిగేవాళ్లు.

మన జట్టు కప్పు గెలిచిన సాయంత్రం తాళాలాయన వంతు వచ్చింది. పాపం ఆయన ఆ క్షణంలో ఆగలేక, "గెలిచాం!" అని అరుస్తూ వీధిలోకి గెంతాడు. ఇంట్లో మిగతా అందరూ ఉన్నారు, ఆయనొక్కడే లేడు. గది వచ్చింది గానీ మూడు గోడలతోనే వచ్చింది. నాలుగో వైపు ఇప్పటికీ దుప్పటి కట్టుకుంటున్నారు. ఊరందరి తాళాలూ బాగుచేసేవాడి గదికి తలుపు పెట్టే వీల్లేకపోయిందని వీధంతా నవ్వుకుంది. ఆయనా నవ్వాడు.

సెలూనాయన ఇంటికి మాత్రం ఏమీ రాలేదు. నిజానికి ఆ వీధిలో గది అవసరమంటూ ఉంటే ఆయనకే. ముందు సెలూను, వెనకాల ఒక్క గది, దానికి తోక తగిలించినట్టు వంటచోటు. అందులో ఆయన, భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి. చోటు చాలక అన్నాలు వంతులవారీగా తినేవాళ్లు. ముందు పిల్లలు, తర్వాత ముసలావిడ, ఆమె లేచాక ఇల్లాలు, గిరాకీ సద్దుమణిగాక ఎప్పటికో ఆయన. రాత్రి షట్టరు దించాక ముసలావిడ సెలూన్ కుర్చీ వెనక్కి వాల్చుకుని అందులోనే పడుకునేది. "రాణీగారికైనా ఉందా ఇలాంటి మంచం, మీట నొక్కితే పైకి లేస్తుంది!" అనేది. పొద్దున్న మోకాళ్లు రుద్దుకోవడం మాత్రం కొడుకు కంటబడకుండా చేసేది.

ఇంతలో ఇల్లాలికి మళ్లీ నెల తప్పింది. ఆ కబురు విని తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఏడాది చివర్లో వచ్చి అమ్మని నా దగ్గరికి తీసుకెళ్తా. బిడ్డ పుట్టాక మీ ఇంట్లో కాలు పెట్టే చోటుండదు."

కాదనడానికి ఏముంది? తమ్ముడిల్లు రైల్లో ఒక పగలంతా ప్రయాణం, అయిదో అంతస్తు. అక్కడ తల్లికి పలకరించే మనిషుండడు. ఇక్కడైతే గడ్డం గీయించుకునే ప్రతివాడి కడుపులో మాటా ఆవిడకి తెలుసు.

"నాకేంరా, ఎక్కడైనా ఒకటే" అంది ముసలావిడ. అని, తుడిచిన మూలనే మళ్లీ తుడిచింది.

ఆ రోజు నుంచి సెలూనాయన వార్తలు వినే తీరు మారిపోయింది. రేడియో చెవి దగ్గర పెట్టుకుని, దేశంలో ఏదైనా జరక్కపోతుందా అని చూసేవాడు.

"మీరెంత వింటే ఏం లాభం?" అంది ఇల్లాలు ఒకరోజు. "అందరూ ఒక్కచోట ఉన్న ఇంటికే వస్తోంది గది. తాళాలన్నయ్య సంగతి చూశారుగా! మనం ఒక్కచోట ఉన్నదెప్పుడు? మీరెప్పుడూ ఎవడో ఒకడి గడ్డం దగ్గరే ఉంటారు."

"గదికి కళ్లున్నాయా ఏంటే, తలలు లెక్కపెట్టుకోడానికి!" అని కొట్టిపారేశాడాయన.

ఏడాది చివరి వారంలో దేశమంతా ఊపిరి బిగబట్టింది. కొండప్రాంతంలో గని కూలి పనివాళ్లు లోపల చిక్కుకుపోయారు. సన్నటి గొట్టంలోంచి గాలి పంపుతున్నారు, నీళ్లు పంపుతున్నారు, మనిషిని మాత్రం పైకి తేలేకపోతున్నారు. ఈసారి ఎవరూ గది ఊసెత్తలేదు. "ఏమైనా తెలిసిందా?" అంటే గనివాళ్ల గురించే.

అలాంటి రోజుల్లోనే తమ్ముడు వచ్చాడు. మధ్యాహ్నం బండికి ప్రయాణం. ముసలావిడ సంచీ లోపలి గుమ్మం పక్కన పెట్టి ఉంది. సెలూన్లో తాళాలాయన కుర్చీలో వాలి ఉన్నాడు, ఒక చెంప అయింది. రేడియోలో గని దగ్గర నుంచి ఎవరో గబగబా చెబుతున్నారు.

"ఏమండీ!" లోపల్నించి ఇల్లాలి గొంతు. "అత్తయ్య బయల్దేరే టైమైంది. ఇవాళ్టికైనా అందరం కలిసి తిందాం, రండి."

"రెండో చెంప ఉందే!"

"వాణ్ణి పని చేసుకోనియ్యవే" అంది ముసలావిడ. "నా వంతు నేను కానిచ్చేస్తాను."

నా వంతు! ఆ మాటకి సెలూనాయన కత్తి గాల్లో ఆగింది. కుర్చీ తల ఆనించే చోట, తాళాలాయన తల పక్కన, చిన్న గుంట కనబడింది. అది తల్లి తల పడ్డ గుంట. ఏడాది పొడవునా ఆవిడతో కలిసి ఒక్క పూటైనా తిన్నాడా అని వెతుక్కుంటే ఒక్కటీ తగల్లేదు. గది వచ్చినా రాకపోయినా, ఈ పూట పోతే మళ్లీ దొరకదు.

కత్తి తుడిచి మడిచి పెట్టేశాడు.

"లే" అన్నాడు తాళాలాయనతో.

"ఎక్కడికి?"

"అన్నానికి."

"ఈ మొహంతోనా?"

"ఆ మొహం మాకేం కొత్తా? లేవయ్యా!"

రేడియో కట్టేశాడు. "ఒరేయ్, అసలు సమయంలో..." అని తాళాలాయన లబోదిబోమంటున్నా వినలేదు. పట్టపగలు షట్టరు సగానికి దించాడు. ఆ సెలూను పుట్టాక అదే మొదలు. కుర్చీ పక్కకి లాగాడు. గిరాకీల మెడకి కట్టే తెల్లగుడ్డలు ఉతికినవి తీసి నేలమీద పరిచాడు. కూతుళ్లు కిసకిసా నవ్వుతూ కంచాలు తెచ్చారు. ఇల్లాలు నోరు తెరుచుకుని చూసి, మరుక్షణం అన్నం గిన్నె మోసుకొచ్చింది.

"బండి దాటిపోతుందేమో అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"బండికేంరా, రేపూ ఉంది. కూర్చో!"

అద్దాల్లో అటూ ఇటూ ఇంకో కుటుంబం కూర్చున్నట్టుంది. ముసలావిడ మధ్యలో కూర్చుని, అటు ఒకసారి ఇటు ఒకసారి చూసి, "ఎంతమందిమిరా మనం!" అంది. తాళాలాయన బుగ్గ మీది నురగ అన్నంలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వీధి చివర్నించి కేక.

"వచ్చేశారోయ్! అందరూ వచ్చేశారు! ఒక్కడు కూడా తక్కువ కాకుండా!"

వీధిలో పేపర్లు వేసే ఆయన గొంతు అది. వెనకే వీధంతా ఈలలు, కేకలు. సెలూన్లో ఓ మూల ఉత్తగా ఉన్న గోడ, బరువు దించుకున్న మనిషిలా, మెల్లగా ఊపిరి వదిలింది. కొత్త గుమ్మంలోంచి తడిమట్టి వాసన వచ్చింది. దాని వెంట, ఇంత పెద్ద కిటికీ ఉంటే తప్ప రానంత ఎండ వచ్చి, తిన్నగా ముసలావిడ కంచంలో పడింది.

తమ్ముడు లేవబోయాడు.

"ఎక్కడికీ పోదది, కూర్చో" అంది ముసలావిడ. లోపలి గుమ్మం పక్కనున్న తన సంచీని కాలు చాచి కుర్చీ కిందికి నెట్టేసింది. ఇల్లాలు అది చూసి, ఆవిడ కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

"మరి నా రెండో చెంప?" అన్నాడు తాళాలాయన.

"అన్నం చల్లారిపోతోంది" అన్నాడు సెలూనాయన, ముద్ద కలుపుతూ. "ముందు తిను."