మంచమెక్కిన ఇంజను

మా ఆయన నా మంచాన్ని ఇంజనుకిచ్చేశాడు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనుప మంచం, ఇన్నేళ్లయినా కిర్రుమనడం ఎరగదు. నేను చాప మీద, ఇంజనుగారు మంచం మీద! మా అత్తగారికి కూడా ఇంత మర్యాద జరగలేదు మా ఇంట్లో.

కారణం లేకపోలేదు. ఆయన కార్ల షెడ్డులో మేస్త్రీ. విప్పి బాగుచేసి కట్టిన ఇంజన్లు షెడ్డుకి వరసగా తిరిగొచ్చాయి. లోపల టకటకమంటున్నాయని బండివాళ్ల గోల. ఓనరు ఆయన్ని కొన్నాళ్లు ఇంటిదగ్గర ఉండమన్నాడు. ఉండమనడమంటే ఏమిటో మాకు తెలియదా? కాళ్లావేళ్లా పడితే చివరికి ఒక పాత కారు ఇంజను ట్రాలీలో వేసి పంపించాడు. "దీన్ని కట్టి, తిప్పి చూపించు మేస్త్రీ. చప్పుడు లేకుండా తిరిగితే మళ్లీ పనిలోకి వద్దువుగాని," అన్నాడట.

కారు లేకుండా ఇంజను తిప్పాలంటే దాన్ని గట్టిగా పట్టుకునే స్టాండొకటి కావాలి. అందుకే నా మంచం.

"షెడ్డులో ఆ సుత్తుల మోతలో దేవుడికైనా ఏం వినపడుతుందే? ఇక్కడైతే ఇంజనొక్కటే. తప్పు ఎక్కడుందో ఇట్టే పట్టేస్తాను," అన్నాడు.

ఆయనకి రెండేళ్లుగా జలుబు. చెవులు దిబ్బడేశాయట. కుక్కరు కూత వినపడకపోయినా జలుబే, వెనకే నిలబడి పిలిచినా జలుబే. చెవుడు అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనడం ఒకప్పుడు నాకు ఊతపదం. దాన్ని మింగేసి చాలా కాలమైంది.

మంచం వాకిట్లో వేసి, కోళ్లు సగానికి కోసి, అడ్డంగా ఇనుప బద్దలు వెల్డింగు చేశాడు. ఇంజను అదురుకి ఊడిపోకుండా నాలుగు మూలలా రబ్బరు దిమ్మలు పెట్టాడు. ముందు రేడియేటరు, కింద బ్యాటరీ, బట్టలారేసే గుంజకి పెట్రోలు డబ్బా. తాళంచెవి స్విచ్చునీ, ఆయిలు మీటరునీ, వేడి చూపించే మీటరునీ నా కూరలు తరిగే చెక్కకి బిగించాడు.

"అదీ పోయిందా?" అన్నాను.

"మీటర్లు ఎంత బాగా కనపడుతున్నాయో చూడు," అన్నాడు. నా మాట లెక్కచేయలేదని కాదు. అప్పుడు నా నోటికేసి చూడలేదంతే.

మొదటిసారి తాళం తిప్పగానే మంచం గడగడా వణికింది. పిట్టగోడ అవతల పక్కింటావిడ చెవులు మూసుకుంది. ఆయన స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మేస్త్రీలందరూ లోపలి చప్పుడు అలాగే వింటారు. చాలాసేపు విన్నాడు. తర్వాత ఆ స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు.

"నాకు జలుబు కదా. నువ్వోసారి విను."

నాకేం తెలుసు ఇంజను సంగతి? "లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టుంది," అని ఆయన మొహంలోకి చూస్తూ అరిచాను.

"పైనా, కిందా?"

"కింద."

విప్పాడు. కింద బేరింగు ఒకటి వదులుగా ఉంది. మార్చి బిగిస్తే ఈసారి పైన చిటచిట. మళ్లీ విప్పాడు. నేను వినడం, ఆయన విప్పడం. అలా చేయగా చేయగా ఒకనాటికి ఇంజను నిద్రపోతున్న పిల్లి గురకలా మెత్తగా తిరిగింది. చెవులు నావి, చేతులు ఆయనవి, ఇద్దరం కలిసి ఒక మేస్త్రీ అయితే కాదనేవాడెవడు అనుకున్నాను. పిచ్చిదాన్ని!

ఓనరు వచ్చాడు. ఇంజను చుట్టూ తిరిగాడు, స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు, తలాడించాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. మీటర్లు చూపించడానికి ఇంజను మీదకి వంగాడు. చొక్కా అంచు వేలాడుతూ ఫ్యాను దగ్గరకి పోయింది.

"వెనక్కి జరుగు!" ఓనరు అరిచాడు. నేనూ అరిచాను. గోడ అవతల పక్కింటావిడ కూడా అరిచింది. ఆయన మాత్రం మీటరు ముల్లు మీద వేలు పెట్టి, "చూశారా, ఎంత తిప్పినా వేడి ఇక్కడే ఆగుతుంది," అని నవ్వుతూ చెబుతూనే ఉన్నాడు. ఓనరు ఒక్క ఉదుటున వెళ్లి భుజం పట్టి లాగాడు. మెచ్చుకున్నాడనుకుని మా ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

ఓనరు నన్ను గేటు దాకా రమ్మన్నాడు. చెడ్డవాడు కాదు.

"ఇంజనుకి వంక పెట్టడానికి లేదు చెల్లెమ్మా. కానీ జాకీ మీద నుంచి బండి జారితే మేం అరుస్తాం. ఆ అరుపు వినపడని మనిషిని బండి కింద ఎలా పడుకోబెట్టను? రేపు నీకేం సమాధానం చెప్పను?"

తిట్టు నోటిదాకా వచ్చింది. ఏమని తిట్టను? అతనన్నది నిజం.

వెనక్కి వచ్చేసరికి ఆయన ఇంజను ఆపి, గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఎప్పట్నుంచి రమ్మన్నాడు?"

"రావద్దన్నాడండీ."

తల వంచి చెవి దగ్గరకి పెట్టాడు. "ఆఁ?"

గోడ మీద పక్కింటావిడ తల అలాగే ఉంది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు కూడా చేరారు. నా మొగుడికి ఒక్క మాట చెప్పాలంటే వీధిలో అందరికీ చెప్పాలి.

"రావద్దన్నాడు!" అని అరిచాను. ఎందుకు వద్దన్నాడో కూడా అరిచి చెప్పాలి. మా ఇంట్లో ఎత్తని ఆ మాట అంత గట్టిగా నేను అనలేను.

ఆయన గుడ్డ పట్టుకుని ఇంజను వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తలాడించాడు.

"అయితే ఇంకా ఏదో తేడా ఉందన్నమాట. లేకపోతే ఎందుకు వద్దంటాడు? నువ్వు సరిగా విని ఉండవు."

స్పానరు తీసుకుని మొదటి బోల్టు వదులు చేశాడు.

"ఏ తేడా లేదండీ, బాగానే ఉంది," అన్నాను. రెండోసారి అరిచే ఓపిక లేక మామూలుగానే అన్నాను. ఆయన రెండో బోల్టు విప్పుతున్నాడు.