గడప దాటిపోయిన పిలుపు

చర్ల దారిలో ఉన్న ఆ తండాలో ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోతకు ఆడవాళ్లు ఒంటరిగా పోరు. తెల్లవారకముందే ఒకావిడ పక్కింటావిడను పేరు పెట్టి పిలుస్తుంది, ఆమె తన పక్కింటావిడను. అలా అందరూ కలిసి అడవికి బయలుదేరుతారు. ఈ ఏడు సక్రి మాత్రం పక్కనున్న జమ్లిని వదిలేసి, ఆ తర్వాతి ఇంట్లో ఉన్న బిచ్యా భార్యను పిలుస్తోంది. అదేమంత పెద్ద తప్పని ఆమెకు తోచలేదు.

ఇంతకీ జమ్లి చేసిన నేరమేమిటి? చలికాలంలో సంత నుంచి వస్తుంటే ఎవరో ఇద్దరు కర్రలతో కొట్టి, చేయి విరగ్గొట్టి, వెండి కడియాలు గుంజుకుపోయారు. ఆమె ఊరుకోక కేసు పెట్టింది. పోలీసులు మూడుసార్లు తండాకు వచ్చి అందరినీ అడిగిపోయారు. "ఒక్కతే ఎందుకొచ్చింది?" అని మొదలుపెట్టిన అమ్మలక్కలు, "ఆమె వెంట ఉంటే మనకు గూడ స్టేషన్ తిప్పలే" అనేదాకా వచ్చారు.

ఆ మధ్యాహ్నం ఖమ్మంలోని ఓ కాలేజీ నుంచి కళ్యాణి వచ్చింది. నేరాలకు గురైనవాళ్లను సమాజం ఎలా చూస్తుందన్నది ఆమె పరిశోధన. జమ్లికి లంబాడీ తప్ప తెలుగు సరిగా రాదు. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి సక్రి కూర్చుంది.

"అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఏందో అడుగక్కా," అంది కళ్యాణి.

జమ్లి నెమ్మదిగా చెప్పింది. చెయ్యి రెండు నెలలకు అతుక్కుందట. కానీ రోజూ ఆకు కట్టే గుడ్డ నడుముకు చుట్టుకొని గడపలో కూర్చుంటే, సక్రి గొంతు తన ఇల్లు దాటి పోతోందట. కొట్టిననాడు కూడా అంత ఏడవలేదట.

సక్రి కళ్యాణి వైపు తిరిగింది. "చెయ్యి నొప్పి అంటుంది మేడం," అంది. కళ్యాణి అదే రాసుకుంది.

"మొత్తం చెప్పినవా వదినా?" అని జమ్లి తమ భాషలోనే అడిగింది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, నమ్మకమే ఉంది. సక్రికి అది మరీ కష్టంగా తాకింది.

"రాసింది కొట్టెయ్యుండ్రి మేడం. నేను అబద్ధం చెప్పిన," అంటూ జమ్లి అన్నదంతా చెప్పింది. "పిలవంది నేనే. నా పేరు గూడ రాసుకోండ్రి."

"ఎందుకు పిలవలేదక్కా?"

"నలుగురు ఏమంటరో అని." సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

మర్నాడు వేకువనే సక్రి జమ్లి పేరు పెట్టి పిలిచింది. తలుపు వెంటనే తెరుచుకుంది. గుడ్డ ఎప్పటిలాగే ఆమె నడుముకు కట్టి ఉంది.

బిచ్యా భార్య ముఖం చిట్లించి, "మళ్ల పోలీసులొస్తే?" అంది.

"వస్తే రానీ," అంది సక్రి. "కొట్టినోళ్లు ఎక్కడనో తిరుగుతున్నరు. మనమేమో దెబ్బలు తిన్న ఈమెకు శిక్ష ఏస్తున్నం."